కథల సాయంత్రానికి ముందు ఊ కొట్టేవారిని వెతకండి

విశాఖపట్నంలో ఒక పేటవాళ్లో, ఒక అపార్ట్‌మెంటువాళ్లో కలిసి తమ బతుకులో జరిగిన సంగతులు ఒకరికొకరు చెప్పుకొనే సాయంత్రం పెట్టుకోవాలనుకున్నప్పుడు, మొదటి మాట సాధారణంగా హాలు గురించి, మైకు గురించి, ముఖ్య అతిథి గురించి వస్తుంది. నా అనుభవంలో అన్నిటికంటే ముందు వెతకవలసింది ఊ కొట్టేవారిని. మన ‘ఊ’ వినబడకపోతే అమ్మమ్మ కథ ఆపేసేది. బుర్రకథలో పక్కన వంతలు లేకపోతే కథ నడవదు. సొంత సంగతి చెప్పబోయే మనిషికి కూడా, సభకు వారం రోజుల ముందే ఎదురుగా కూర్చుని ఓపికగా వినే మనిషి ఒకరు కావాలి. కాబట్టి చెప్పేవారు ఆరుగురైతే, వినే బాధ్యత తీసుకొనేవారిని కనీసం ముగ్గురిని ముందుగా ఎంచుకోండి.

ఆరుగురికి మించి పెట్టుకోవద్దు. ఒక్కొక్కరికి ఎనిమిది నిమిషాలు ఇస్తే, మధ్యలో కాస్త విరామంతో కలిపి గంటంబావులో ముగుస్తుంది. ప్రతి సభలోనూ మాట్లాడేవారిని కాకుండా, ఇంతవరకు ఎవరూ ‘మీ సంగతి చెప్పండి’ అని అడగనివారిని అడగండి: ఇంటింటికీ తిరిగి చేపలు అమ్మే ఆమెను, ఓడల తయారీలో వెల్డింగ్ చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయనను, అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్యను. మరపడవలపై వేటకు వెళ్లేవారు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, వేట నిషేధం ఉన్న 61 రోజులూ ఒడ్డునే దొరుకుతారు; అయితే అది వారికి చేతిలో డబ్బు ఆడని కాలం కూడా కనుక, వలలు బాగుచేసుకొనే చోటికి మనమే వెళ్లి కూర్చోవడం మర్యాద. ఉక్కు కర్మాగారంలోనో పోర్టులోనో షిఫ్టుల్లో పనిచేసేవారిని పిలిచేటట్లయితే, ఆ వారం వారి షిఫ్టు ఏదో కనుక్కున్న తర్వాతే తేదీ ఖాయం చేయండి.

ముందుగా వినే ఆ కూర్చోవడంలోనే సగానికి పైగా పని జరుగుతుంది. దాదాపు అందరూ పుట్టినప్పటి నుంచి మొదలుపెడతారు. తొందరపెట్టకుండా అంతా వినండి. ఎక్కడ గొంతు మారిందో, ఎక్కడ చెయ్యి ఆగిందో గమనించి, ఆ ఒక్క రోజు దగ్గరికి వారిని మళ్లీ తీసుకువెళ్లండి. ‘హుద్‌హుద్ తుపాను గురించి చెబుతాను’ అని ఎవరైనా అంటే, అది ఊరంతటి కథ. 2014 అక్టోబరు 12, ఆ ఆదివారం మీరు ఏ గదిలో ఉన్నారు, తలుపు ఎవరు అదిమిపట్టుకున్నారు, గాలి తగ్గాక మొదట ఎవరి ఇంటికి పరుగెత్తారు, కరెంటు లేని ఆ రోజుల్లో నీళ్లు ఎక్కడినుంచి మోశారు అని అడిగితే వచ్చేది వారి కథ. తాతలు చెప్పగా విన్న సంగతులకూ చోటివ్వవచ్చు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపై బాంబులు వేసిన నాటి మాటలు కొన్ని ఇళ్లలో ఇంకా వినబడుతుంటాయి. అటువంటప్పుడు అది తాను చూసినది కాదని, ఎవరి నోట, ఎప్పుడు విన్నారో కూడా కథలోనే చెప్పమనండి. తేదీలో, సంవత్సరంలో పొరపాటు ఉంటే ఈ దశలోనే సరిచేయాలి, పదిమంది ముందు కాదు.

భాష విషయంలో నాకు పట్టుదల ఉంది. ఇంట్లో ‘ఏటి’, ‘ఎలగ’ అంటూ హాయిగా మాట్లాడే మనిషి, మైకు ముందుకు రాగానే పాఠ్యపుస్తకం తెలుగులోకి మారిపోతే కథలో ప్రాణం ఉండదు. వారి మాట వారు మాట్లాడవచ్చునని ముందే స్పష్టంగా చెప్పండి, కాగితం చూసి చదవనివ్వకండి.

ఒక తప్పు నేను చేశాను, అది మీరు చేయకూడదని చెబుతున్నాను. ఒకసారి ఒక పెద్దాయన కథను ముందుగా వినకుండానే వేదిక మీదికి పిలిచాను. ఆయన తన కూతురి విడాకుల సంగతి ఎంతో ప్రేమతోనే చెప్పారు, కానీ ఆ అమ్మాయి మూడో వరుసలో కూర్చుని ఉంది. సగంలోనే లేచి వెళ్లిపోయింది. అప్పటినుంచి ప్రతి ఒక్కరినీ ఒక ప్రశ్న అడుగుతున్నాను: ఈ కథలో ఉన్నవారికి మీరు దీన్ని చెబుతున్నట్టు తెలుసా? తెలియదంటే వారిని అడిగి రమ్మంటాను, వద్దన్నారంటే వేరే రోజు కథ వెతుకుతాము.

ఇక ఆ సాయంత్రం ఏర్పాట్లు తేలికే. డాబా మీద పెట్టుకుంటే సముద్రపు గాలి మైకులో గురగురమంటుంది కనుక దానికి స్పాంజి తొడుగు వేయండి. నలభై మంది లోపయితే మైకు లేకుండా కుర్చీలు అర్ధచంద్రాకారంలో దగ్గరగా వేసుకోవడమే మేలు. శాలువాలు, బహుమతులు, అధ్యక్షోపన్యాసం వద్దు. బహుమతి ఉన్నచోట మిగిలిన ఐదుగురూ ఓడిపోయినట్టే ఇంటికి వెళతారు. ముందుగా విన్న మనిషి, చెప్పేవారి కంటికి ఎదురుగా మొదటి వరుసలో కూర్చోవాలి. మాట తడబడితే అందించకుండా, తల ఊపుతూ ఆగండి, వారే అందుకుంటారు. కథ ముగిశాక దాని అర్థం మీరు విడమరచి చెప్పవద్దు. చప్పట్ల తర్వాత కొన్ని క్షణాలు ఆగి, తర్వాతివారి పేరు పిలిస్తే చాలు. ఫోనుల్లో వీడియో తీయవద్దని మొదటే చెప్పండి. చెప్పేవారే కోరితే గొంతు మాత్రం రికార్డు చేసి, మర్నాడు వారి ఇంటికి వెళ్లి వారికే వినిపించి, ఉంచాలో తుడిచేయాలో వారినే చెప్పమనండి.