రాక్ క్లైంబింగ్ ఎలా మొదలుపెట్టాలి? భువనగిరి బండ నుంచి హిమాలయాల దాకా ఒక దారి

కొండలెక్కాలన్న కోరిక పుట్టగానే చాలామంది మనాలీకో లేహ్‌కో ప్యాకేజీ బుక్ చేసేస్తారు. తాడుకు ముడి వేయడం కూడా రాకుండానే ఐదు వేల మీటర్ల ఎత్తుకు బయల్దేరతారు. నేనైతే ఆ దారి వద్దంటాను. మన దేశంలో ఒక్కో చోట ఒక్కో రకం రాయి. దక్కనులో గ్రానైట్, కర్ణాటకలోని బాదామిలో ఇసుకరాయి, సహ్యాద్రిలో లావా గట్టిపడి ఏర్పడిన నల్లరాయి, అన్నిటికీ పైన మంచు. రాయి మారితే కాలు పెట్టే తీరు కూడా మారుతుంది. కాబట్టి ఫొటోలు చూసి కాదు, అక్కడి రాయి ఏం నేర్పుతుందో చూసి వరుస వేసుకోండి. వారాంతాలు మాత్రమే దొరికే ఉద్యోగులకు ఇది ఏడాదిన్నర, రెండేళ్ల పని.

1. ఇంటి దగ్గరి బండతో మొదలుపెట్టండి

హైదరాబాద్ నుంచి దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో భువనగిరి ఉంది. కోట కట్టిన ఆ గుట్ట మొత్తం ఒకటే రాయి. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదటి పాఠాలు నేర్చుకున్నది ఈ బండల మీదే. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఇక్కడ శిక్షకుల దగ్గర రెండు మూడు రోజులు నేర్చుకోవచ్చు.

ఏటవాలు గ్రానైట్ మీద చేతికి పట్టు పెద్దగా దొరకదు. షూ అడుగు రాపిడే మనల్ని నిలబెడుతుంది. కొత్తవాళ్లు భయంతో బండను కరుచుకుని ఉడుంపట్టు పడతారు, అప్పుడే కాలు జారుతుంది. నడుము బండకు కాస్త దూరంగా ఉంచి, మడమలు దించి, బరువంతా పాదాల మీద వేయాలి. చెబితే ఒక్క వాక్యం, కాలికి నమ్మకం కుదరడానికి మాత్రం నాలుగైదు ఆదివారాలు పడుతుంది.

ఎక్కడం కంటే ముందు బిలే నేర్చుకోండి. అంటే ఎక్కేవాళ్ల తాడును కింద నుంచి అదుపులో ఉంచే పని. బ్రేక్ చెయ్యి, అంటే తాడును బిగించి ఆపే చెయ్యి, ఏ పరిస్థితిలోనూ తాడు వదలకూడదు. ఎనిమిది అంకెలా ఉండే ముడిని కళ్లు మూసుకుని వేయగలగాలి. ప్రతిసారీ నేల వదలక ముందు ఒకరి ముడి, హార్నెస్ (నడుముకు, తొడలకు కట్టుకునే బెల్టు) బకిల్ ఇంకొకరు చూడాలి. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లయినా సరే. తాడు మీద కిందికి దిగేటప్పుడు తాడు చివర ముడి ఉండాలి. అది లేక తాడు అయిపోయిన సంగతి తెలియకుండా జారిపడిన ప్రమాదాలు చాలా ఉన్నాయి.

మొదట కొనాల్సినవి హెల్మెట్, షూ. తాడు, హార్నెస్ మాత్రం ఎంత చవగ్గా వచ్చినా సెకండ్ హ్యాండ్‌వి కొనొద్దు. వాటి మీద ఎన్నిసార్లు ఎవరు పడ్డారో పైకి కనబడదు.

రోజూ సాధనకు హైదరాబాద్‌లోనే ఖాజాగూడ గుండ్లున్నాయి. భవనాలు లేస్తున్న వేగం చూస్తే, ఉన్నప్పుడే ఎక్కేయండి అనాలనిపిస్తుంది.

2. చలికాలంలో హంపి, బాదామి

గుంతకల్లు మీదుగా హొసపేటె వెళ్తే అక్కడికి హంపి దగ్గరే. గ్రానైట్ గుండ్లను తాడు లేకుండా, కింద క్రాష్ ప్యాడ్ (పడితే దెబ్బ తగలకుండా వేసే మందపాటి పరుపు) పరుచుకుని ఎక్కడాన్ని బౌల్డరింగ్ అంటారు. హంపికి దేశవిదేశాల వాళ్లు వచ్చేది దీనికోసమే. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా సీజన్. అప్పుడైనా పొద్దున్నే, సాయంత్రమే ఎక్కాలి, మధ్యాహ్నం రాయి కాలుతుంది. గరుకు పలుకులు వేళ్ల చర్మాన్ని గీరేస్తాయి కాబట్టి రెండు రోజులు ఎక్కి ఒక రోజు ఆగండి. గుడి గోడలు, మండపాలు, శిథిలాల మీద కాలు పెట్టొద్దు. అది మర్యాదే కాదు, చట్టం కూడా.

అక్కడి నుంచి గదగ్ మీదుగా బాదామి చేరొచ్చు. ఎర్రటి ఇసుకరాయి గోడలు నిట్టనిలువుగా, కొన్నిచోట్ల మన మీదికి వాలినట్టు ఉంటాయి. రాతిలో ముందే బోల్టులు దిగ్గొట్టి ఉంటాయి. తాడును ఒక్కో బోల్టుకు తగిలించుకుంటూ పైకి పోవాలి. పడితే ఆఖరి బోల్టు దాటి కిందికి వస్తాం, ఆ పడటం కూడా ఇక్కడే నేర్చుకోవాలి. వాన పడ్డాక మాత్రం రాయి పూర్తిగా ఆరేదాకా ఆగండి. తడిసిన ఇసుకరాయి బలం కోల్పోతుంది, పట్టుకున్న అంచు చేతిలోకి ఊడొస్తుంది.

3. వీలుంటే సహ్యాద్రి

మహారాష్ట్రలో లోనావాలా, ఖండాలా వైపు నాగఫణి, హరిశ్చంద్రగడ్ కోట మీద కొంకణ్ కడా అనే నిలువు కొండ అంచు చాలా పేరున్నవి. నల్లరాయి పొరలు పొరలుగా ఉంటుంది, రాళ్లు ఊడిపోతాయి. అందుకే అక్కడ తెలిసిన స్థానిక బృందంతో తప్ప వెళ్లొద్దు. వానాకాలం అసలే వద్దు. ఢిల్లీ వైపు ఉండేవాళ్లకు ఫరీదాబాద్ దగ్గర ధౌజ్ ఉంది, రాజస్థాన్‌లో మౌంట్ అబూ ఉంది.

4. బేసిక్ కోర్సు చేయండి

డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ 1954లో మొదలైంది. అక్కడ క్షేత్ర శిక్షణకు తొలి డైరెక్టర్ టెన్సింగ్ నార్గే. ఉత్తరకాశీలో నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ 1965లో వచ్చింది. మనాలీ, పహల్గాంలోనూ ప్రభుత్వ సంస్థలున్నాయి. కోర్సు దాదాపు నాలుగు వారాలు. ముందు రాయి మీద, తర్వాత హిమానీనదం మీద శిక్షణ ఇస్తారు. ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) వాడటం, జారితే దాంతోనే ఆగడం, బూట్లకు క్రాంపాన్లు (మంచులో దిగే ఇనుప ముళ్లు) కట్టుకుని నడవడం, ఇవన్నీ ఇక్కడే వస్తాయి.

సీట్లు చాలా ముందే నిండిపోతాయి, కాబట్టి వచ్చే ఏడాది తేదీలు ప్రకటించగానే దరఖాస్తు పెట్టండి. సెలవు సంగతి ఆఫీసులో ఇప్పుడే కదిపి ఉంచండి, నెల రోజుల సెలవు అడగడం కొండెక్కడం కంటే టెన్షన్. మూడు నెలల ముందు నుంచి పరుగుతో పాటు బ్యాగులో పదిహేను కిలోలు వేసుకుని మెట్లెక్కండి. కోర్సులో చాలామందిని కుంగదీసేది బండ కాదు, ఆ బరువే. కోర్సులో 'A' గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్ కోర్సుకు అర్హత.

5. తర్వాతే శిఖరం

మొదటి శిఖరంగా మనాలీ దగ్గరి ఫ్రెండ్‌షిప్ పీక్ బాగుంటుంది. ఎత్తు 5,289 మీటర్లు. లదాఖ్‌లో అందరూ చెప్పే 6,153 మీటర్ల స్టోక్ కాంగ్రీని 2020లో మూసేశారు. ఎందుకంటే ఆ మంచు కరిగితేనే కింది ఊళ్లకు నీళ్లు. కాబట్టి ఏ శిఖరానికైనా డబ్బు కట్టేముందు అది తెరిచి ఉందా, అనుమతి ఎవరి పేరు మీద తీసుకున్నారు అని అడిగి కాగితం చూడండి.

మూడు వేల మీటర్లు దాటాక, ఒళ్లు ఎత్తుకు అలవాటు పడాలి కాబట్టి రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు విశ్రాంతి. విమానంలో లేహ్‌లో దిగితే మొదటి రెండు రోజులు కదలకుండా ఉండండి. తలనొప్పి, వికారం మొదలైతే అక్కడే ఆగాలి, పెరిగితే దిగిపోవాలి. మాట తడబడినా, నడక తూలినా అర్ధరాత్రి అని కూడా చూడకుండా కిందికి దింపేయాలి.

2022 అక్టోబర్‌లో ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా శిఖరం మీద మంచుచరియ విరిగిపడి శిక్షణ బృందాన్నే కప్పేసింది, ఇరవై మందికి పైగా చనిపోయారు. వాళ్ల వెంట అనుభవమున్న శిక్షకులు ఉన్నారు. అందుకే బయల్దేరేముందే టీమ్ లీడర్‌ను ఒక ప్రశ్న అడగండి: శిఖరం అందకపోయినా ఎన్ని గంటలకు వెనక్కి తిప్పుతారు? సూటిగా టైమ్ చెప్పలేకపోతే వేరే టీమ్ చూసుకోండి.