విదేశాల్లోని అంతర్జాతీయ పాఠశాలకు ప్రిన్సిపల్ కావాలంటే

విదేశాల్లో పాఠశాల నడపాలని ఆశపడే మన ఉపాధ్యాయులు చాలామంది మొదట దేశాన్ని ఎంచుకుంటారు. నిజానికి మొదట తేల్చుకోవలసింది పాఠ్యప్రణాళిక. దుబాయ్, మస్కట్, దోహాలలోని సీబీఎస్‌ఈ పాఠశాలల్లో ఇక్కడి అనుభవం నేరుగా లెక్కకు వస్తుంది. బ్రిటిష్, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియెట్ అనే అంతర్జాతీయ పాఠ్యప్రణాళిక) పాఠశాలల్లో మాత్రం ఆ పద్ధతిలో పాఠం చెప్పనివారికి నాయకత్వం అప్పగించడం అరుదు. 1968లో జెనీవాలో మొదలైన ఐబీని బోధించే పాఠశాలలు హైదరాబాదులోనూ ఉన్నాయి కనుక, ముందు అక్కడే కొన్నేళ్లు పనిచేసి కోఆర్డినేటర్ బాధ్యత అడిగి తీసుకోవడం మంచిది. పరీక్షల ఏర్పాట్ల నుంచి ఐదేళ్లకొకసారి జరిగే ఐబీ మూల్యాంకనం దాకా అన్నీ చూసే ఆ పదవిలోనే పాఠశాల మొత్తాన్ని ఒక్కచోటినుంచి చూడడం అలవాటవుతుంది.

కాగితాల పని ముందే మొదలుపెట్టాలి. యూఏఈకి వెళ్లేవారు డిగ్రీ, బీఎడ్ పట్టాలకు రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆ దేశ రాయబార కార్యాలయం వరుసగా వేసే ముద్రలు సంపాదించాలి. పత్రాల ధ్రువీకరణపై కుదిరిన హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాలకైతే రాయబార కార్యాలయ ముద్ర అక్కర్లేదు, విదేశాంగ శాఖ ఇచ్చే అపోస్టిల్ అనే ధ్రువీకరణ చాలు. పిల్లల భద్రత దృష్ట్యా మీరు నివసించిన ప్రతి దేశం నుంచీ పోలీసు ధ్రువపత్రం అడుగుతారు కాబట్టి, ఏ దేశం విడిచి వస్తున్నా అది చేతిలో పెట్టుకునే బయలుదేరండి.

ప్రిన్సిపల్ నియామకాలు తరచు ఏడాది ముందే జరిగిపోతాయి. ఇంటర్వ్యూలో వారు మిమ్మల్ని పరీక్షిస్తున్నంత శ్రద్ధగా మీరు పాఠశాల పాలకమండలిని, అంటే బోర్డును, పరీక్షించాలి, ఎందుకంటే ప్రిన్సిపల్ ఆ ఊళ్లో ఎన్నాళ్లుంటారన్నది పిల్లల మార్కుల కంటే బోర్డుతో సఖ్యత మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. గత పదేళ్లలో ఎంతమంది ప్రిన్సిపళ్లు మారారు, చివరివారు ఎందుకు వెళ్లారు, ఉపాధ్యాయులను నియమించే అధికారం ఎవరిది, ఫీజు ఎవరు నిర్ణయిస్తారు అని మొహమాటపడకుండా అడగండి. తల్లిదండ్రులు ఎన్నుకున్న బోర్డుకూ, ఒకే యజమాని ఉన్న పాఠశాలకూ ఈ జవాబుల్లో చాలా తేడా ఉంటుంది. వీలైతే పాత ప్రిన్సిపల్‌తో విడిగా మాట్లాడండి. దుబాయ్‌లో ప్రైవేటు పాఠశాలలను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ కేహెచ్‌డీఏ అత్యుత్తమం నుంచి అతి బలహీనం దాకా ఆరు స్థాయిలతో ఇచ్చిన తనిఖీ నివేదికలు ఎవరైనా చదువుకోవచ్చు. వాటిలో మొదట చూడవలసింది నాయకత్వం గురించిన పేజీలు.

కాంట్రాక్టులో మూల వేతనం ఎంతో విడిగా చూడండి. యూఏఈ చట్టం ప్రకారం గ్రాట్యుటీని మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల చొప్పున, ఆపైన 30 రోజుల చొప్పున, మూల వేతనం మీదే లెక్కిస్తారు.

చేరిన మొదటి ఏడాది టైమ్‌టేబుల్ జోలికి వెళ్లకుండా ప్రతి తరగతిలోనూ కూర్చుని, బస్సు దగ్గర నిలబడి, అక్కడ ఏళ్లుగా ఉన్న గుమాస్తాలతోనూ ఆయాలతోనూ మాట్లాడండి. ఒకే పాఠం చెప్పేవారికి పాస్‌పోర్టును బట్టి వేరువేరు జీతాలిచ్చే పాఠశాలలు నేటికీ ఉన్నాయి, మన ఉపాధ్యాయులు ఆ పట్టికలో చాలాసార్లు కిందివరసలోనే ఉంటారు. మొదటి బడ్జెట్ సిద్ధమవుతున్నప్పుడే ఆ పట్టిక తెప్పించుకుని, తేడాను ఎన్నేళ్లలో పూడ్చగలరో లెక్కగట్టి, ఆ లెక్కను బోర్డు ముందు పెట్టండి.