పక్కటెముక చిట్లితే డోలో వేసుకునే పద్ధతి

బెంగళూరులో బండి మీద తిరిగేవాళ్ళకి గుంతలో పడి హ్యాండిల్ ఛాతీకి గుద్దుకోవడం కొత్తేం కాదు. ఎక్స్‌రే తీసి, ఒకట్రెండు పక్కటెముకలు చిట్లాయి, ఊపిరితిత్తులు బానే ఉన్నాయి అని డాక్టర్ ఇంటికి పంపిస్తే చేతిలో మిగిలేది డోలో 650 స్ట్రిప్పు, అంటే పారాసిటమాల్ 650 మిల్లీగ్రాముల బిళ్ళలు. జ్వరం బిళ్ళతో ఎముక నొప్పేం తగ్గుద్ది అని తీసిపారేయకండి, 2015లో ఇరాన్‌లో పక్కటెముకలు విరిగిన 54 మందిలో కొందరికి మార్ఫిన్, కొందరికి పారాసిటమాల్ నరంలోకి ఎక్కించి చూస్తే నొప్పి ఇంచుమించు ఒకేలా తగ్గింది. చిన్న స్టడీనే, కానీ కొట్టిపారేసేది కాదు. అలాగని సెలైన్ పెట్టమని గొడవ చేయక్కర్లేదు, మింగగలిగితే బిళ్ళ చాలు.

అసలు బిళ్ళ వేసుకునేది పడుకోడానికి కాదు, గట్టిగా ఊపిరి తీయడానికి. నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీస్తే కఫం లోపలే పేరుకుని న్యుమోనియా వస్తుంది. అందుకే నొప్పి ముదిరేదాకా ఆగకుండా డాక్టర్ చెప్పిన టైముకి, మామూలుగా ఆరు గంటలకోటి, వేసుకోండి. ముప్పావుగంట ఆగి, నిటారుగా కూర్చుని మూడు బంతుల స్పైరోమీటర్ (ఊపిరి పీలిస్తే లోపలి బంతులు పైకి లేచే ప్లాస్టిక్ పరికరం) నిదానంగా పీల్చండి, తర్వాత దిండుని దెబ్బ మీద గట్టిగా హత్తుకుని దగ్గండి. ఊర్నుంచి అమ్మమ్మ ఫోన్ చేసి ఛాతీకి బిగించి కట్టు కట్టించుకో నాయనా అంటుంది, ఊ కొట్టండి గానీ కట్టించుకోకండి, ఊపిరి ఇంకా తగ్గిపోద్ది.

ఇక లెక్క. పెద్దవాళ్ళకి రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు, బక్కగా ఉన్నా లివర్ ప్రాబ్లం ఉన్నా రోజూ మందు తాగే అలవాటున్నా ఇంకా తక్కువే, డాక్టర్నే అడగండి. చిక్కంతా స్ట్రిప్పు వెనక సన్నక్షరాల్లో ఉంటుంది, ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి బిళ్ళలో 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్ కలిపి అమ్ముతారు, ట్రమడాల్ అనే ఇంకో నొప్పి మందుతో కలిపినవీ ఉన్నాయి, జలుబు బిళ్ళల్లోనూ ఉంటుంది. అన్నీ కూడండి. ఎక్కువైతే మొదటిరోజు ఏమీ తెలీదు, లోపల లివర్ మాత్రం దెబ్బతింటుంది.

బిళ్ళ వేసుకునే ముందే థర్మామీటర్ పెట్టుకోండి, వేసుకున్నాక చూస్తే జ్వరం దాక్కుంటుంది. 100.4 దాటినా, ఆయాసం వచ్చినా, కఫంలో రక్తం పడినా, ఎడమవైపు కింది ఎముకలకి దెబ్బ తగిలి పొట్ట నొప్పితో కళ్ళు తిరుగుతున్నా, అది ప్లీహం చిట్లడం కావచ్చు, ఇంకో బిళ్ళ వేసుకుని చూద్దాం అనుకోకుండా 108కి కొట్టండి.