పాత కారు మీటరు అద్దం మసకబారితే

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండల్లో ఏళ్ల తరబడి ఆరుబయట నిలిచిన అంబాసిడర్, పద్మిని వంటి పాత కార్లలో స్పీడోమీటరు మీది ప్లాస్టిక్ అద్దం పచ్చబడి, అంకెలు కనిపించనంతగా మసకబారడం మామూలే. మసక పైపైనే ఉంటే పాలిష్‌తో పోతుంది. లోపలిదాకా పగుళ్లు పాకితే మార్చడమే మేలు.

ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగను విప్పి, మీటరు వెనుక ఉన్న కేబుల్‌ను, బల్బు హోల్డర్లను తీసి (ఏది ఎక్కడిదో ఫోనులో ఫొటో తీసుకోవడం మరువకండి), మీటరును మెత్తని గుడ్డ మీద ఉంచాలి. చుట్టూ ఉన్న లోహపు రింగు అంచును ఒకేచోట బలంగా లేపితే వంకరపోతుంది కనుక, సన్నని స్క్రూడ్రైవర్‌తో చుట్టూ తిరుగుతూ కొద్దికొద్దిగా లేపాలి. పాత అద్దాన్నే కొలతగా ఇచ్చి అదే మందంలో అక్రిలిక్ (గాజులా కనిపించే ప్లాస్టిక్) షీటును కోయించుకోవచ్చు; అద్దం బల్లపరుపుగా ఉండేదైతే, పటాలు కట్టే దుకాణంలో గుండ్రంగా కోయించిన 2 మిల్లీమీటర్ల గాజే నా ఓటు, ఎందుకంటే అది ఎండకు పచ్చబడదు.

అక్రిలిక్‌ను పెట్రోలుతోగానీ థిన్నరుతోగానీ తుడవకండి, సన్నని పగుళ్లు వస్తాయి, సబ్బునీళ్లు చాలు. మీటరు ముల్లును వేలితో తాకకూడదు. అతికించడానికి సూపర్‌గ్లూ అసలే వద్దు: దాని ఆవిరి కొత్త అద్దం లోపలివైపు తెల్లని పొరగా పేరుకుని, మళ్లీ రింగు విప్పాల్సిన పని పెడుతుంది.