డిప్లొమా నుంచి బి.టెక్. రెండవ సంవత్సరానికి: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు విద్యార్థులకు ఒక ప్రణాళిక

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని తెలుగు కుటుంబాల్లో పదవ తరగతి ఫలితాలు రాగానే ప్లస్ టూ చదివించాలా, పాలిటెక్నిక్‌లో చేర్చాలా అన్న చర్చ మొదలవుతుంది. పాలిటెక్నిక్ వైపు మొగ్గినవారు చాలావరకు అక్కడితో ఆలోచన ఆపి, బి.టెక్. సంగతి మూడేళ్ల తర్వాత చూసుకోవచ్చని అనుకుంటారు. బి.టెక్. చేయాలన్న కోరిక నిజంగా ఉంటే ఆ క్రమాన్ని తిరగవేయాలి. ఏ కళాశాలలో, ఏ బ్రాంచిలో డిగ్రీ పూర్తి చేయాలన్నది ముందుగా అనుకొని, అక్కడి నుంచి వెనక్కి లెక్కించుకుంటూ డిప్లొమా ఆరు సెమిస్టర్లనూ నడుపుకోవాలి.

డిప్లొమా పూర్తిచేసినవారిని నేరుగా బి.టెక్. రెండవ సంవత్సరంలో చేర్చుకునే పద్ధతిని లేటరల్ ఎంట్రీ అంటారు. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి నిబంధనల ప్రకారం దీనికి డిప్లొమాలో కనీసం 45 శాతం మార్కులు, రిజర్వేషన్ వర్గాలవారికి 40 శాతం మార్కులు ఉండాలి. మంజూరైన సీట్లకు అదనంగా 10 శాతం సీట్లను, వాటితోపాటు మొదటి సంవత్సరంలో మిగిలిపోయిన ఖాళీలను ఈ మార్గంలో భర్తీ చేస్తారు. 60 సీట్లున్న బ్రాంచిలో అదనపు సీట్లు 6 మాత్రమే. పేరున్న ప్రభుత్వ కళాశాలలో మొదటి సంవత్సరం ఖాళీలు పెద్దగా మిగలవు కాబట్టి అక్కడ అసలు పోటీ ఆ ఆరు సీట్లకే జరుగుతుంది. అందువల్ల 45 శాతం అన్నది గుమ్మం దాటనిచ్చే అర్హత మాత్రమే, సీటును నిర్ణయించేది ప్రవేశ పరీక్షలో వచ్చే ర్యాంకు.

ఒడిశాలో డిప్లొమా సీట్లను పదవ తరగతి మార్కుల ఆధారంగా రాష్ట్ర ప్రభుత్వ ఆన్‌లైన్ ప్రవేశాల వేదిక అయిన శామ్స్ పోర్టల్ ద్వారా కేటాయిస్తారు. బరంపురంలోని ఉమాచరణ్ పట్నాయక్ ఇంజనీరింగ్ స్కూలు, రాయగడలోని ఉత్కళ గౌరవ్ మధుసూదన్ ఇన్‌స్టిట్యూట్ మన ప్రాంతానికి దగ్గరలో ఉన్న ప్రభుత్వ సంస్థలు. డిప్లొమా తర్వాత రాయవలసిన పరీక్ష ఒడిశా జాయింట్ ఎంట్రన్స్, అంటే ఓజేఈఈలోని లేటరల్ ఎంట్రీ పేపరు. ఆ ర్యాంకుతో బరంపురంలోని పరలా మహారాజా ఇంజనీరింగ్ కళాశాల, భవానీపట్నంలోని ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల, భువనేశ్వర్‌లోని ఒడిశా సాంకేతిక, పరిశోధన విశ్వవిద్యాలయం (ఓయూటీఆర్), బుర్లాలోని వీర్ సురేంద్ర సాయి విశ్వవిద్యాలయం వంటి చోట్ల సీటుకు ప్రయత్నించవచ్చు. ఇంటికి దగ్గరగా ఉండాలనుకునేవారికి గుణుపురంలో గైట్, పర్లాకిమిడిలో సెంచూరియన్ అనే ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. అయితే ప్రైవేటు సీటు విషయంలో మూడేళ్ల ఫీజు, హాస్టల్, పరీక్ష రుసుములు మొత్తం కాగితం మీద వేసుకున్నాకే నిర్ణయం తీసుకోవడం మంచిది.

సరిహద్దులో ఉన్నందువల్ల ఇచ్ఛాపురం దాటితే ఆంధ్ర కళాశాలలున్నాయి కదా, అక్కడి లేటరల్ ఎంట్రీ పరీక్ష ఈసెట్ రాస్తే సరిపోదా అన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది. రాయవచ్చు, కానీ ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. ఒడిశా రాష్ట్ర సాంకేతిక విద్యా బోర్డు ఇచ్చిన డిప్లొమాను అక్కడ సమానార్హతగా అంగీకరిస్తారో లేదో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూడాలి. అంతకంటే ముఖ్యమైనది స్థానికత. రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద వచ్చిన ఉత్తర్వుల వల్ల అక్కడి కన్వీనర్ కోటా సీట్లలో 85 శాతం స్థానికులకే దక్కుతాయి. మిగిలిన 15 శాతానికి కూడా విద్యార్థి గానీ తల్లిదండ్రులు గానీ ఆ రాష్ట్రంలో పదేళ్లు నివసించినట్టు రుజువు చూపడం వంటి షరతులున్నాయి. తాతముత్తాతలది శ్రీకాకుళం అయినంతమాత్రాన స్థానికత రాదు. అలాగే షెడ్యూల్డ్ కులాల, తెగల జాబితాలు రాష్ట్రాన్నిబట్టి ఉంటాయి కాబట్టి ఒడిశా ధ్రువపత్రంతో ఆంధ్రలో రిజర్వేషన్ లభిస్తుందని అనుకోకూడదు. వెనుకబడిన తరగతుల జాబితా విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఈ లెక్కలన్నీ చూసినప్పుడు, ఒడిశాలో నివాసమున్న విద్యార్థికి ఓజేఈఈయే ప్రధాన మార్గమని, ఈసెట్ కుటుంబ నేపథ్యం అనుకూలించినవారికి రెండో మార్గమని నా అభిప్రాయం.

రెండూ రాయదలచినవారు వాటి స్వభావం వేరన్న సంగతి గుర్తించాలి. ఈసెట్ 200 మార్కుల పరీక్ష. అందులో గణితానికి 50, భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరి 25, సొంత బ్రాంచి సబ్జెక్టులకు 100 మార్కులుంటాయి, తప్పు సమాధానానికి మార్కులు తగ్గించరు. ఓజేఈఈ డిప్లొమా పేపరు మాత్రం ఇంజనీరింగ్ గణితం, ఇంజనీరింగ్ మెకానిక్స్, బేసిక్ ఎలక్ట్రికల్ అనే ఉమ్మడి సబ్జెక్టుల మీద నడుస్తుంది, తప్పు సమాధానానికి మార్కు పోతుంది. అంటే సివిల్ విద్యార్థి మొదటి సంవత్సరంలోనే వదిలించుకున్నానని భావించే ఎలక్ట్రికల్ పాఠాలు, ఎలక్ట్రానిక్స్ విద్యార్థి పక్కన పెట్టేసిన మెకానిక్స్ పాఠాలు మూడవ సంవత్సరం చివర మళ్లీ ఎదురవుతాయి. ఆ మొదటి ఏడాది నోట్సును అమ్మేయకుండా, పారేయకుండా ఉంచుకోవాలి.

ఇక గణితం. ఈ ప్రణాళికలో సగం బరువు దానిమీదే ఉంది. లేటరల్ విద్యార్థి దాటవేసే బి.టెక్. మొదటి సంవత్సరంలో కలన గణితం, సరళ బీజగణితం, అవకలన సమీకరణాలు బోధిస్తారు. మూడవ సెమిస్టరులో అడుగుపెట్టిన రోజునుంచి అధ్యాపకులు అవన్నీ వచ్చునన్న నమ్మకంతోనే పాఠం చెబుతారు. నెట్‌వర్క్ థియరీ చదివే ఎలక్ట్రికల్ విద్యార్థికి లాప్లాస్ పరివర్తనలు రాకపోతే సర్క్యూట్ అర్థం కాదు. థర్మోడైనమిక్స్ చదివే మెకానికల్ విద్యార్థికి పాక్షిక అవకలనాలు తెలియకపోతే సూత్రం ఎక్కడినుంచి వచ్చిందో బోధపడదు. ప్లస్ టూ చదివి వచ్చిన సహాధ్యాయి ఈ గణితాన్ని రెండేళ్లు ఇంటర్ స్థాయిలో, మరో ఏడాది బి.టెక్.లో సాధన చేసి ఉంటాడు. డిప్లొమా విద్యార్థికి వర్క్‌షాప్, డ్రాయింగ్, యంత్రాల విషయంలో అతనికంటే చేయి తిరిగి ఉంటుంది గానీ, ఈ లోటు మాత్రం తనంతట తాను పూరించుకోవలసిందే.

దాన్ని మూడేళ్లలోకి విస్తరించుకుంటే భారంగా ఉండదు. మొదటి రెండు సెమిస్టర్లలో త్రికోణమితి, మాత్రికలు, అవధులు, అవకలనం, సమాకలనం పరీక్ష గట్టెక్కే మేరకు కాకుండా లెక్క తనంతట చేయగలిగేదాకా నేర్చుకోవాలి. తెలుగు బాగా చదవగలిగినవారు తెలుగు అకాడమీ ఇంటర్ గణిత పుస్తకాల్లోని 1ఎ, 1బి, 2బి భాగాలను దగ్గర పెట్టుకుంటే, ఇంగ్లీషులో విన్న పాఠం మాతృభాషలో కుదురుకుంటుంది. రెండవ సంవత్సరంలో అవకలన సమీకరణాలు, పాక్షిక అవకలనం, ఐగెన్ విలువలు చూడాలి. అయిదవ సెమిస్టరు నాటికి లాప్లాస్, ఫూరియర్ పరిచయమై ఉండాలి. వీటన్నిటికీ ఐఐటీల అధ్యాపకులు ఆన్‌లైన్‌లో చెప్పే ఎన్‌పీటీఈఎల్ వీడియో పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. రోజుకు ఒక గంట, పక్కన కాగితం, కలం పెట్టుకొని చూడాలి, కేవలం వింటే ప్రయోజనం లేదు.

బ్రాంచి మార్చుకోదలచినవారికి ఒక మాట. ఏ బ్రాంచి డిప్లొమాతోనైనా ఏ బ్రాంచి బి.టెక్.లోనైనా చేరడానికి సాంకేతిక విద్యా మండలి నిబంధన అనుమతిస్తుంది. అయినా సివిల్ నుంచి కంప్యూటర్ సైన్సుకు వెళ్లదలచిన విద్యార్థి సి ప్రోగ్రామింగ్‌ను డిప్లొమా రోజుల్లోనే నేర్చుకొని ఉండాలి, ఎందుకంటే రెండవ సంవత్సరంలో మొదలయ్యే డేటా స్ట్రక్చర్స్ పాఠం ఆ పునాది మీదనే నిలబడుతుంది. అదే బ్రాంచిలో కొనసాగేవారికి వేసవి శిక్షణ బాగా ఉపకరిస్తుంది. దమంజోడిలో నాల్కో అల్యూమినా కర్మాగారం, సునాబెడాలో హిందుస్తాన్ ఏరోనాటిక్స్ (హాల్) ఇంజన్ల విభాగం, ఛత్రపురంలో ఖనిజ ఇసుకను శుద్ధిచేసే ఐఆర్ఈఎల్, రాయగడ దగ్గర జేకే పేపరు కర్మాగారం మన జిల్లాల్లోనే ఉన్నాయి. శిక్షణకు అవకాశం కోసం కళాశాల శిక్షణ విభాగం ద్వారా ముందుగానే దరఖాస్తు పెట్టాలి.

బ్యాక్‌లాగులు మిగలకూడదు. ప్రవేశ పరీక్ష సాధారణంగా మే నెలలో, చివరి సెమిస్టరు పరీక్షల ఒత్తిడి ఉన్న కాలంలోనే వస్తుంది. ర్యాంకు ఎంత మంచిదైనా డిప్లొమా ఉత్తీర్ణత పత్రం చూపలేకపోతే సీటు దక్కదు కాబట్టి, ఏ సెమిస్టరులో తప్పిన సబ్జెక్టును తర్వాతి అవకాశంలోనే పూర్తిచేయాలి.

ఖర్చు విషయంలో ఆడపిల్లలున్న ఇళ్లు సాంకేతిక విద్యా మండలి ఇచ్చే ప్రగతి ఉపకారవేతనాన్ని తప్పక చూడాలి. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయలలోపు ఉంటే ఏడాదికి 50,000 రూపాయలు అందే ఈ పథకం డిప్లొమాకూ, డిగ్రీకీ ఉంది, లేటరల్ ఎంట్రీలో చేరినవారికి మూడేళ్లు వర్తిస్తుంది. రాష్ట్ర ఉపకారవేతనాలకు ఒడిశా స్టేట్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి.

నివాస, కుల, ఆదాయ ధ్రువపత్రాలను తహసీల్దారు కార్యాలయం నుంచి పరీక్షకు దరఖాస్తు చేసేనాటికే సిద్ధం చేసుకోవాలి. మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరుతోనే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశా దరఖాస్తుల్లో అది చివర వస్తుంది, కొన్నిచోట్ల ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది. పదవ తరగతి పత్రంలో, ఆధార్‌లో, డిప్లొమా మార్కుల పత్రంలో, బ్యాంకు ఖాతాలో పేరు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉందో లేదో డిప్లొమా మొదటి సంవత్సరంలోనే సరిచూసి, తేడా ఉంటే పదవ తరగతి పత్రాన్ని ఆధారంగా చేసుకొని మిగిలినవాటిని దిద్దించుకోవాలి. ఈ పని కౌన్సెలింగ్ వారంలో చేయబోతే జరగదు.

సీటు కేటాయించిన తర్వాత తరగతులు మొదలయ్యేలోగా కొంత వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిలో విశ్వవిద్యాలయం సిలబస్ నుంచి మొదటి సంవత్సరం, మూడవ సెమిస్టరు పాఠ్యాంశాలు రెండూ తీసుకొని పక్కపక్కన పెట్టి, రానివాటిని గుర్తించుకోవాలి. డిప్లొమా నుంచి వచ్చినవారికి గణితం వంటి సబ్జెక్టుల్లో బ్రిడ్జ్ కోర్సు నిర్వహించాలన్న ఏర్పాటు నిబంధనల్లోనే ఉంది కాబట్టి, చేరిన కళాశాలలో అది ఎప్పుడు జరుగుతుందో విభాగాధిపతిని మొదటి వారంలోనే అడిగి తెలుసుకోవాలి.