తేమ మీటరు తప్పు చూపిస్తోందా? ముందు ఉప్పు పరీక్ష చేయండి

భీమవరం, నరసాపురం వైపు ధాన్యం గిడ్డంగుల్లో ఫ్యాన్లు ఎప్పుడు వేయాలో తేల్చేది గోడకున్న తేమ మీటరే. దాని అంకె తప్పితే బయటి తడిగాలిని మనమే లోపలికి లాగి బస్తాలకు పట్టిస్తాం.

సమస్య: పక్కపక్కనున్న రెండు మీటర్ల మధ్య ఆరేడు శాతం తేడా.

చాలాసార్లు తప్పు తేమది కాదు, ఉష్ణోగ్రతది. 30 డిగ్రీల దగ్గర ఒక్క డిగ్రీ తేడాకే 75 శాతం అనే అంకె దాదాపు 4 శాతం కదులుతుంది. ఒక మీటరు ఎండ తగిలే గోడ మీద ఉందేమో చూడండి. రెండింటినీ నీడలో ఒకే బల్ల మీద గంటసేపు ఉంచి, ముందు ఉష్ణోగ్రతలు పోల్చండి.

అప్పటికీ తేడా ఉంటే ఉప్పు పరీక్ష చేయాలి. చిన్న మూతలో వంట ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంతవరకే నీటిచుక్కలు వేయండి. నీరు పైకి తేలకూడదు. ఆ మూతనూ మీటరునూ గాలి చొరబడని డబ్బాలో పెట్టి, ఉష్ణోగ్రత మారని చోట రాత్రంతా వదిలేయండి. ఉప్పు మీటరుకు అంటకూడదు. 25 డిగ్రీల దగ్గరైనా, 30 డిగ్రీల దగ్గరైనా లోపల 75 శాతమే ఉంటుంది. మీటరు 79 చూపిస్తే 4 తీసేయాలి. ఈ సవరణ 75కు దగ్గరి అంకెలకే నమ్మకంగా పనిచేస్తుంది. పొడిగాలి కొలవాలంటే మెగ్నీషియం క్లోరైడుతో 33 శాతం దగ్గర కూడా సరిచూడాలి. డెల్టా గాలికి మాత్రం నా లెక్కలో 75 పరీక్షే ముఖ్యం.

సమస్య: అంకె 99 దగ్గరే ఆగిపోయింది.

తెల్లవారుజామున సెన్సారు మీద నీరు పట్టి ఉంటుంది. రోజుల తరబడి తడిగాలిలో ఉన్న సెన్సారు కూడా ఎక్కువ చూపిస్తుంది. సిలికా జెల్‌తో మూసిన డబ్బాలో రెండు రోజులు ఉంచి, మళ్లీ ఉప్పు పరీక్ష చేయండి. అంకె దిగకపోతే సెన్సారు మార్చాల్సిందే.

సమస్య: తడి బల్బు, పొడి బల్బు పరికరం ఎప్పుడూ ఎక్కువ తేమ చూపిస్తోంది.

ఇందులో రెండు థర్మామీటర్లుంటాయి, ఒకదాని బల్బుకు తడి వత్తి చుట్టి ఉంటుంది. తీరం దగ్గరి బోరు నీటిలోని ఉప్పు ఆ వత్తికి పేరుకుని, తడి బల్బు చల్లబడాల్సినంత చల్లబడదు. వత్తి తీసేసి, రెండు బల్బులూ పొడిగా ఒకే ఉష్ణోగ్రత చూపిస్తున్నాయో లేదో సరిచూడండి. తర్వాత కొత్త నూలు వత్తి, డిస్టిల్డ్ నీరు వాడండి. గాలి ఆడేలా చూడండి.

సమస్య: తుషార స్థానం నమ్మేలా లేదు.

తుషార స్థానం అంటే గాలిలోని ఆవిరి నీటిబొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. ఈ మీటర్లు దాన్ని విడిగా కొలవవు, ఉష్ణోగ్రత, తేమల నుంచి లెక్కిస్తాయి. 30 డిగ్రీలు, 75 శాతానికి అది 25 డిగ్రీలు. తేమను 80గా చూపిస్తే 26 అవుతుంది. బయటి తుషార స్థానం లోపలి దానికన్నా తక్కువ ఉన్నప్పుడే ఫ్యాన్లు వేయాలి కనుక, ఆ ఒక్క డిగ్రీ నిర్ణయాన్నే తలకిందులు చేయగలదు. అందుకే లోపలి, బయటి మీటర్లను ఒకే ఉప్పు డబ్బాలో కలిపి పరీక్షించండి.

గిడ్డంగిలో పురుగులను చంపే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెట్టే ముందు మీటరును బయటికి తీసేయండి. వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు లోపలి రాగి భాగాలను తినేస్తుంది. అలా పాడైన మీటరును ఏ ఉప్పు పరీక్షా బాగుచేయలేదు.