మీటతో పని – మూడో పాఠం: ఆధారం ఎక్కడ పెట్టాలి?

కిందటి పాఠంలో మూడు మాటలు నేర్చుకున్నాం. మీట దేనిమీద ఆని తిరుగుతుందో అది ఆధారం. లేపాల్సింది భారం. మనం వేసేది బలం. ఈసారి గునపం పట్టుకుందాం.

పర్లాకిమిడిలో మా పెరట్లో పాత రుబ్బురోలు ఒకటి ఉంది. మిక్సీ వచ్చాక దాన్ని ముట్టుకున్నవాళ్ళు లేరు, సగం మట్టిలో దిగిపోయింది. ఇద్దరం పట్టినా కదల్లేదు. మా గునపం పొడవు 150 సెంటీమీటర్లు. మొనను రోలు అంచు కిందికి దూర్చి, మొనకు 15 సెంటీమీటర్ల దూరంలో కింద రాయి పెట్టాను. చేతివైపు 135 మిగిలింది. 135ని 15తో భాగిస్తే 9. అంటే మొన మీద 90 కిలోల బరువు పడినా, చేత్తో 10 కిలోల బరువు వేస్తే చాలు. అదే రాయి 50 సెంటీమీటర్ల దగ్గర పెట్టి చూడండి. చేతివైపు 100, అంటే రెండు రెట్లే. 45 కిలోలు వేయాలి! ఈ లెక్కను క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలోనే ఆర్కిమిడిస్ నిరూపించాడు.

అయితే ఇది ఊరికే రాదు. రోలు 2 సెంటీమీటర్లు లేవాలంటే చెయ్యి 18 సెంటీమీటర్లు దిగాలి. అందుకే ఒక్కసారిగా ఎత్తాలని చూడకండి. కొంచెం లేపండి, సందులో చెక్క దోపండి, ఆధారం ఎత్తు పెంచి మళ్ళీ లేపండి.

ఒక జాగ్రత్త. నేను మొదట ఆధారంగా ఇటుక పెట్టాను. అది నలిగిపోయి గునపం జారింది, కాలి బొటనవేలు వారం రోజులు వాచింది. గట్టి రాయి గానీ దుంగ గానీ పెట్టండి. గునపం మీదికి మొహం వంచొద్దు.

ఇంట్లో అడకత్తెర ఉంటే పోకచెక్కను మేకు దగ్గరగా పెట్టి ఒకసారి, దూరంగా పెట్టి ఒకసారి నొక్కండి. తేడా చేతికే తెలుస్తుంది.

ఇప్పుడు దీనికి తిరగబడిన సంగతి. మా వైపు ఒడియావాళ్ళ ఇళ్ళల్లో కాలితో తొక్కి ధాన్యం దంచే ఢెంకి ఉండేది. గుణుపురంలో ఒకటి కొలిచాను: ఇరుసు నుంచి తొక్కే చివరకు 60 సెంటీమీటర్లు, రోకలి వైపు 120. దూలం బరువు లెక్కలోకి తీసుకోకపోతే, రోకలి బరువుకు రెట్టింపు బలం కాలు వేయాలి. నష్టమే కదా? కానీ కాలు జానెడు దిగితే రోకలి రెండు జానలు లేస్తుంది. దంచడానికి కావలసింది ఆ ఎత్తే. పైగా తొక్కేది ఒంటి బరువుతో, చేతిబలంతో కాదు. ఎవరు చెక్కారో గానీ ఆ ఇరుసు చోటు ఎంత ఆలోచించి పెట్టారో అనిపించింది.

వచ్చే పాఠంలోపు ఈ పని చేయండి. తలుపు బందు నుంచి 20 సెంటీమీటర్ల దగ్గర ఒక వేలితో తోయండి, తర్వాత 80 దగ్గర తోయండి. రెండుచోట్లా తలుపు మూయడానికి వేలు ఎంత దూరం జరిగిందో స్కేలుతో కొలిచి రాసుకోండి. ఆ అంకెలతోనే ఏతం పాఠం మొదలుపెడతాం.